అమ్మాయి దూరమైందా, మీరు కూడా దూరం జరిగారా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయికి 13 ఏళ్లు, 8వ తరగతి చదువుతోంది. నిన్నమొన్నటి దాకా బడి విశేషాలన్నీ నాకే చెప్పేది. గత వేసవిలో ఓణీల ఫంక్షన్ చేశాం. అప్పటి నుంచి ఏమడిగినా ‘ఊఁ’ అని ఊరుకుంటోంది, గది తలుపు వేసుకుంటోంది, స్కూటర్‌ను బడి గేటు దాకా తీసుకురావద్దు, సందు మొదట్లోనే ఆపమంటోంది. ‘ఆ వయసంతే’ అని మా ఆవిడ తేలిగ్గా తీసిపారేస్తోంది. ఫోన్ లాగేసుకుంటే దారికి వస్తుందా?

జవాబు: మీ అమ్మాయి ఏమేం మానేసిందో వివరంగా రాశారు గానీ, ఆ ఫంక్షన్ తర్వాత మీరు ఏమేం మానేశారో రాయలేదు. మన ఇళ్లలో చాలావరకు, ఆడపిల్ల పెద్దమనిషి కాగానే, ఎవరూ పైకి చెప్పకుండానే తండ్రీకూతుళ్ల మధ్య ఒక గీత పడుతుంది: భుజం మీద చెయ్యి వెయ్యడానికి తండ్రికే మొహమాటం వస్తుంది, ఏం కావాలన్నా ‘అమ్మనడుగు’ అనడం అలవాటవుతుంది. మీరు మర్యాద అనుకుని పాటించే ఈ దూరాన్ని, తన ఒంట్లో వచ్చిన మార్పు వల్ల నాన్నకు పరాయిదాన్నయ్యానని పిల్ల అర్థం చేసుకునే ప్రమాదముంది. పైగా తనకే ఇంకా అలవాటు కాని విషయాన్ని ఫ్లెక్సీ కట్టి ఊరందరికీ చాటినప్పుడు (వేడుక తప్పని నేననను, ఆమెను అడిగి చేశారా అన్నదే నా సందేహం) కొన్నాళ్లు తలుపు వేసుకోవాలనిపించడంలో వింతేమీ లేదు.

అయినా మీ ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. ఈ ఈడులో తోటివాళ్ల దృష్టిలో చిన్నపిల్లగా కనబడకూడదన్న తాపత్రయం ఎక్కువ కాబట్టి, స్కూటర్‌ను సందు మొదట్లోనే ఆపండి, కారణం అడగకండి. నిద్రను రప్పించే మెలటోనిన్ హార్మోను ఈ వయసులో రాత్రిపూట ఆలస్యంగా విడుదలవుతుంది, నిద్ర మాత్రం 8 నుంచి 10 గంటలు కావాలి. అందువల్ల పొద్దున్నే హడావుడిలో మీరు వేసే ప్రశ్నలకు ‘ఊఁ’ తప్ప మరో జవాబు రాకపోవచ్చు.

ఫోన్ లాక్కుంటే మీతో మాట్లాడకపోవడానికి ఆమెకు ఇంకో కారణం దొరుకుతుంది. దానికి బదులు, రాత్రి పడుకునే ముందు ఇంట్లో అందరి ఫోన్లూ, మీది కూడా, హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టే పద్ధతి తెండి. ఆదివారం రైతుబజారుకు వెళ్లేటప్పుడు తోడు రమ్మనండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాట, సంచి పట్టుకుని పక్కన నడుస్తున్నప్పుడు వస్తుంది. రానంటే బలవంతం వద్దు, మరో వారం మళ్లీ పిలవండి. మార్కుల ప్రస్తావనతో మాత్రం మొదలుపెట్టకండి. వాళ్లమ్మ ఊళ్లో లేనప్పుడు శానిటరీ ప్యాడ్లు తేవలసి వస్తే, నల్ల కవరులో దాచి టేబుల్ మీద పెట్టి తప్పుకోకుండా, పాలప్యాకెట్ ఇచ్చినంత మామూలుగా చేతికివ్వండి.

అయితే ఆమె మీతోనే కాక స్నేహితులతోనూ మాట్లాడటం మానేసినా, రెండు వారాలకు మించి దిగులుగా ఉన్నా, తిండీ నిద్రా తప్పినా, బడికి వెళ్లనని మొండికేసినా, దాన్ని వయసు మీదికి నెట్టేయకండి. ఎవరైనా వేధిస్తున్నారేమో మీరిద్దరూ నెమ్మదిగా అడగండి. తనను తాను గాయపరచుకుంటున్నట్టు అనుమానం వస్తే మాత్రం రెండు వారాలు ఆగకండి; అదే రోజు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.