క్వీతెన్ వేరు, క్వ్యెతెన్ వేరు

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. డాక్టరుగా పని చేయడానికి నువ్వు ఇక్కడికి, చెక్ దేశానికి వస్తానంటున్నావట. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లోని టెర్నోపిల్ వదిలి వచ్చి, పోలండ్ వైపున్న షెహిని సరిహద్దు దగ్గర చలిలో నిలబడి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. ఆ పిల్ల మళ్లీ ఈ వైపే వస్తానంటే నాకెంత గర్వంగా ఉందో! కానీ "భాష గురించి టెన్షన్ లేదు నాన్నా, ఉక్రేనియన్ వచ్చు కదా, చెక్ కూడా దాదాపు అదే" అన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

సర్టిఫికెట్ల అనువాదాలు, వీసా, ఇన్సూరెన్సు నువ్వు చూసుకోగలవు. బయటి దేశాల్లో చదివిన డాక్టర్లకు ఇక్కడ పెట్టే అప్రోబేషన్ పరీక్ష చెక్‌లోనే రాయాలి, చెక్‌లోనే జవాబులు చెప్పాలి, కాబట్టి కోర్సులో ఇప్పుడే చేరు.

నీకు కలిసొచ్చేవి లేకపోలేదు. తలను ఉక్రేనియన్‌లో హొలొవా అంటారు, చెక్‌లో హ్లవ. కుటుంబం రెండింట్లోనూ రొదినా. రెండింట్లోనూ విభక్తులు ఏడే, సంబోధన కూడా పోలేదు. ఇక హ్రస్వం, దీర్ఘం ఉక్రేనియన్‌లో అర్థాన్ని మార్చవు, చెక్‌లో మారుస్తాయి. పస్ అంటే పాస్‌పోర్టు, పాస్ అంటే బెల్టు. పలు, పాలు అంటూ పెరిగినదానివి, ఇది నీకు చిటికెలో పని. ల్వీవ్‌లో నాతో చదివి ఇక్కడికి వచ్చిన ఉక్రెయిన్ పిల్లలకు పట్టుబడని దీర్ఘాలు నాకు మొదటి నెలలోనే వచ్చేశాయి. అచ్చు లేకుండా పలికే క్ర్క్ (మెడ), ప్ర్స్త్ (వేలు) లాంటివి మాత్రం అద్దం ముందు నిలబడి నేర్చుకోవాల్సిందే.

నా భయమల్లా కలిసినట్టే ఉండి కలవని మాటల గురించి. చెన్నైలో "అవసరం" అంటే తొందర అని తెలియక మీ తాతయ్య పడ్డ అవస్థ నువ్వు విన్నదే. ఇక్కడ అలాంటివి అడుగడుగునా ఉంటాయి. ఉక్రేనియన్‌లో ఓవొచి కూరగాయలు, చెక్‌లో ఓవొత్సె పళ్లు. అక్కడ చెర్స్త్వీ రొట్టె అంటే ఎండిపోయిన రొట్టె, ఇక్కడ అప్పుడే కాల్చిన తాజా రొట్టె. ఇవి దుకాణంలో పొరపాట్లు, పోనీలే. ఆస్పత్రిలో? ఉక్రేనియన్‌లో పాలెత్స్ ఏ వేలైనా కావచ్చు, చెక్‌లో పలెత్స్ అంటే బొటనవేలే. ఉక్రేనియన్‌లో జివీత్ అంటే పొట్ట, చెక్‌లో జివొత్ అంటే జీవితం. తెలియని మాట దగ్గర ఎవరైనా ఆగి అడుగుతారు. తెలిసినట్టుండే మాట దగ్గర ఆగరు. నేనూ ఆగలేదు.

2022 జూలైలో జరిగింది. ఆ ఏడాది ఉక్రెయిన్ నుంచి లక్షల మంది ఈ చిన్న దేశానికి వచ్చారు. రెండు భాషలూ వచ్చుకదా అని సెలవు రోజుల్లో ఒక ఆస్పత్రికి వెళ్లి మాటలు అటూ ఇటూ చెప్పేదాన్ని. ఒకరోజు జితోమిర్ వైపు నుంచి వచ్చిన గర్భిణి, వెంట అత్తగారు. ఆఖరి నెలసరి ఎప్పుడని డాక్టరు అడిగింది. ఆ అమ్మాయి క్వీతెన్ ఇరవై అంది. నేను క్వ్యెతెన్ ఇరవై అని చెప్పి, కాగితం మీద నా చేత్తోనే రాశాను. ఉక్రేనియన్‌లో క్వీతెన్ ఏప్రిల్. చెక్‌లో క్వ్యెతెన్ మే. రెండూ పువ్వు పేరు మీద పుట్టిన నెలలే, కానీ ఒకటి కావు. నాకది తెలియదా? ఇరవై ఏళ్లుగా తెలుసు. అయినా చెవిలో పడ్డది పడ్డట్టే నోట్లోంచి వచ్చేసింది.

స్కానింగ్‌లో డాక్టరు తెర వైపు చూసి, కాగితం చూసి, మళ్లీ తెర చూసింది. "బిడ్డ తేదీ కంటే నాలుగు వారాలు పెద్దగా ఉంది, సరిగ్గా గుర్తుందా అడగండి" అంది. నేను అత్తగారి ముందే అడిగేశాను. ఆ ముసలావిడ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నాలుగు వారాలు వెనక్కి జరిగితే ఆ రోజుల్లో కొడుకు ఇంట్లో లేడు. మే మొదట్లో రెండు రోజులు వచ్చి వెళ్లాడంతే. ఆవిడ కోడలి చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. తల్లీ, ఆ చెయ్యి వెనక్కి వెళ్లడం నేను చూశాను.

అమ్మాయి ఏడవలేదు. "క్వీతెన్ ఇరవై, ఈస్టర్‌కు నాలుగు రోజుల ముందు, నాకు బాగా గుర్తుంది" అంది. వాళ్ల ఈస్టర్ ఆ ఏడు ఏప్రిల్ 24న. అప్పుడు తెలిసింది నాకు. కాగితం లాక్కుని, రాసింది కొట్టేసి, 20.4 అని అంకెల్లో రాశాను. డాక్టరు సరేనని తలూపింది. ముసలావిడ కాళ్ల దగ్గర కూర్చుని తప్పు నాదని చెప్పాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. కోడలి కాళ్లకు దుప్పటి సర్ది, అంచు రెండుసార్లు నొక్కింది.

అందుకే చెప్తున్నా, రోగి చెప్పే నెల ఎప్పుడూ అంకెలో రాయి, క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించమను. మందు మోతాదు చెప్తుంటే ఇంకా జాగ్రత్త. చెక్‌వాళ్లు ఇరవై ఐదును అయిదూ ఇరవై అని కూడా అంటారు. వెంటనే తిరిగి చెప్పి సరిచూసుకో, సిగ్గుపడకు.

కోప్పడుతున్నానని అనుకోకు. నీ ఉక్రేనియన్‌ను మాత్రం వదిలెయ్యకు. ఇక్కడి వార్డుల్లో తమ మాట వినేవాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు నోరు తెరిచి పలకరిస్తే చాలు, వాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో చూస్తావు. రెండు భాషలనీ పక్కపక్కనే, రెండు నోటు పుస్తకాల్లో ఉంచుకో.

బ్ర్నోలో మా ఇంట్లో నీ గది సర్దేశాను. నవంబరులో వస్తానన్నావట. నవంబరు రెండు భాషల్లోనూ లిస్తొపాదే, అయినా టిక్కెట్టు తీసుకున్నాక తేదీ అంకెల్లోనే రాసి పంపు.

నీ అత్తయ్య