ముప్పై రెండేళ్ల వయసులో బీఎడ్: ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈలో బీటెక్ చేసి, పదేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తోంది. ఏడాదికి పదహారు లక్షల జీతం. వయసు 32. ఇప్పుడు ఉద్యోగం మానేసి గణితం టీచరు అవుతానంటోంది. ఫ్లాటు మీద తీసుకున్న లోను ఇంకా తీరలేదు. ఉద్యోగం చేసుకుంటూనే, కాలేజీకి వెళ్లనక్కర లేకుండా బీఎడ్ పూర్తి చేయిస్తామని ఒకరు చెబుతున్నారు. ఆన్‌లైన్‌లో అంతర్జాతీయ టీచింగ్ సర్టిఫికెట్ చేస్తే ఇంటర్నేషనల్ స్కూళ్లలో లక్ష జీతం ఖాయమని ఇంకొకరు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మేలు? అసలు ఈ వయసులో ఇది తెలివైన పనేనా? మా వాళ్లందరూ నవ్వుతున్నారు.
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

సమాధానం: అయ్యా, మీ ఉత్తరంలో చివరి వాక్యమే అసలు ప్రశ్న అని నాకు అనిపించింది. ఉత్తరం పూర్తి పాఠాన్ని ఇక్కడ కుదించాను గానీ, అందులో అమ్మాయి జీతం ప్రస్తావన నాలుగు చోట్ల, బంధువుల ప్రస్తావన రెండు చోట్ల ఉంది. ఆమె ఏ తరగతి పిల్లలకు చెప్పాలనుకుంటోందో, ఈ ఆలోచన ఎప్పుడు మొదలైందో ఒక్క చోటా లేదు. బహుశా మీరు అడిగి ఉండరు. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు రెండు మూడైనా వస్తుంటాయి. వాటిలో సర్టిఫికెట్ల గురించి ఎంత రాసినా, అడుగున ఉండే దిగులు ఒక్కటే: పిల్ల ఉన్న ఉద్యోగం భరించలేక పారిపోతోందా, లేక నిజంగానే బడి వైపు వెళ్తోందా అని. అది న్యాయమైన దిగులే. మీరడిగిన పోలిక చేస్తాను, కానీ ముందు ఈ దిగులు సంగతి చూద్దాం.

దీన్ని తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది. రేపు ఆమె మేనేజరు మారిపోయి, రాత్రి పూట విదేశీ కాల్స్ ఆగిపోయి, జీతం కూడా కొంత పెరిగితే, అప్పుడు కూడా ఆమె బడికి వెళ్లాలనే అంటుందా? ఈ ప్రశ్న మీరు అడగకండి. మీరు అడిగితే అది పరీక్షలా ఉంటుంది. ఆమెనే తనంతట తాను ఆలోచించుకోమనండి. సాఫ్ట్‌వేర్‌లో అలసిపోయిన వారందరికీ బడి ఒక నీడపట్టులా కనిపిస్తుంది. నలభై ఐదు మంది పిల్లలున్న గదిలో మూడో పీరియడు ఎలా ఉంటుందో చూశాక వారిలో కొందరు వెనక్కి తిరిగిపోవడం నాకు తెలుసు, వారిని నేను తప్పుపట్టను కూడా. అందుకే రాజీనామాకు ముందు కనీసం కొన్ని శనివారాలు ఆమె ఒక తరగతిలో నిలబడాలి.

నా దగ్గరికి వచ్చిన, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఒకాయనను అలాగే ఒక తెలుగు మాధ్యమ పాఠశాలకు డెమో తరగతికి పంపి, వెనక బెంచీలో నేనూ కూర్చున్నాను. ఏడో తరగతి, పూర్ణసంఖ్యల గుణకారం. ఆయన తెచ్చుకున్న స్లైడ్లు చూపించడానికి అక్కడ ప్రొజెక్టరు లేదు. బోర్డు మీద ‘రుణం ఇంటూ రుణం ధనం’ అని రాసి, కింద రెండు లెక్కలు చేసి చూపించారు. మూడో వరుసలో ఒక పాప లేచి, ‘రుణమంటే అప్పే కదా సార్, అప్పును అప్పుతో గుణిస్తే ధనం ఎలా వస్తుంది?’ అని అడిగింది. తరగతి ఘొల్లుమంది గానీ ఆ పాప నవ్వలేదు. ఆయన కాసేపు సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడి, ‘అది రూలు తల్లీ’ అనేశారు. తరగతి అయ్యాక బడి మెట్ల మీద కూర్చుని కాగితం తీశారు. మూడును రుణ నాలుగుతో గుణిస్తే రుణ పన్నెండు, రెండును గుణిస్తే రుణ ఎనిమిది, ఒకటిని గుణిస్తే రుణ నాలుగు, సున్నాను గుణిస్తే సున్నా; మెట్టుకు నాలుగు చొప్పున పెరుగుతూ వస్తున్న ఈ వరుసలో తర్వాతి మెట్టు రుణ ఒకటి కాబట్టి, జవాబు నాలుగు కాక ఇంకేమవుతుంది? ఈ మాట చెప్పడానికి ఆయన మరుసటి శనివారం మళ్లీ అదే తరగతికి వెళ్లారు. అప్పుడే నేను ఆయనను బీఎడ్‌లో చేరమన్నాను. ఇప్పుడు పాత జీతంలో సగం కూడా రాని ఉద్యోగంలో ఉన్నారు, ఫోను చేసినప్పుడల్లా నోట్ పుస్తకాలు దిద్దడం గురించి విసుక్కుంటారు, అయినా మానేస్తానని మాత్రం ఇంతవరకు అనలేదు.

ఇక మీ మొదటి మార్గం, అంటే కాలేజీకి వెళ్లకుండా బీఎడ్. దీని మీద నాకు కోపం ఉంది కాబట్టి కాస్త కటువుగానే రాస్తాను. బీఎడ్ రెండేళ్ల కోర్సు. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నాటి నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో కలిపి ఇరవై వారాలు బడిలోనే గడపాలి. మరి దూరవిద్యలో చేయకూడదా అంటే, దూరవిద్య బీఎడ్ ఇప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక తరగతులకు పాఠాలు చెబుతున్నవారికీ, ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న ఉపాధ్యాయ కోర్సును రెగ్యులర్‌గా పూర్తిచేసినవారికీ ఉద్దేశించినది. మీ అమ్మాయికి వర్తించదు. కాబట్టి మీకు చెబుతున్న ఆ ‘మార్గం’ ఏమిటంటే, హాజరుపట్టీలో ఆమె పేరు మీద ఎవరో సంతకం పెట్టడం, లెసన్ ప్లాన్ రికార్డులు డబ్బిచ్చి ఎవరితోనో రాయించడం, ఇంటర్న్‌షిప్ చేసినట్టు ఒక హెడ్‌మాస్టరు ముద్ర వేయించుకోవడం. కూతురు పిల్లలకు చదువు చెబుతానని ముందుకొస్తే, ఆమె మొదటి అడుగునే దొంగ హాజరుతో వేయించాలని ఒక తండ్రి ఆలోచించడం నాకు బాధ కలిగించింది. మీరు చెడ్డవారని నేననడం లేదు. లోను వాయిదాలు, జీతం ఆగిపోతుందన్న భయం మీ చేత ఇలా అడిగించాయి. కానీ వృత్తి మారేవారికి ఆ రెండేళ్లలో నిజంగా అవసరమైనది ఏదైనా ఉందంటే, అది ఆ ఇరవై వారాలే. మీరు తప్పించాలని చూస్తున్నదీ అదే. సర్టిఫికెట్ల పరిశీలనలో ఉద్యోగమూ బీఎడ్ హాజరూ ఒకే తేదీల్లో కనిపిస్తే ఏమవుతుందో కూడా ఒకసారి ఊహించుకోండి.

రెండోది ఆన్‌లైన్ అంతర్జాతీయ సర్టిఫికెట్. ఈ మధ్య సాఫ్ట్‌వేర్ వారి ఫోన్లలో దీని ప్రకటనలు తరచుగా కనిపిస్తున్నాయి. వీటిలో అన్నీ బూటకం కాదు. బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు ఇచ్చే ఇంటర్నేషనల్ పీజీసీఈ (డిగ్రీ తర్వాత చేసే టీచింగ్ సర్టిఫికెట్) లాంటివి గట్టి చదువే. కానీ అది కూడా దానంతట అదిగా ఇంగ్లండ్‌లో అర్హత గల ఉపాధ్యాయ హోదా ఇవ్వదు. ఇక్కడ డీఎస్సీకి (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) గానీ, గురుకులాలకు గానీ, కేంద్రీయ విద్యాలయాలకు గానీ బీఎడ్ స్థానంలో పనికిరాదు. ఇప్పటికే బడిలో పాఠాలు చెబుతున్నవారికి అది ఒక మెట్టు పైకి ఎక్కడానికి తోడ్పడుతుంది. బడి గడప తొక్కనివారికి అది మెట్టు కాదు, మెట్టు బొమ్మ. ఇంటర్నేషనల్ స్కూలు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న సర్టిఫికెట్ గురించి ఉండదు. ఎన్నేళ్లు, ఏ బోర్డు, ఏ తరగతులు చెప్పారన్నదే ఉంటుంది. దానికి జవాబు లేని కొత్తవారికి చాలా చోట్ల సహాయక టీచరు స్థానం ఇస్తారు, జీతం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. లక్ష జీతం ఉన్న టీచర్లు నిజంగానే ఉన్నారు. అయితే ఆ లక్ష వెనక సర్టిఫికెట్ కంటే ముందు పదేళ్ల సుద్దపొడి ఉంది. ‘ఖాయం’ అన్న మాట వాడినవారిని, ఆ మాటనే స్కూలు పేరుతో సహా కాగితం మీద రాసివ్వమని అడగండి. లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్ బోధనా సంస్థలను నమ్ముకుని బడులు వదిలేసిన టీచర్లకు కూడా ఇలాంటి భరోసాలే దొరికాయి. 2022 నుంచి ఆ సంస్థలు మనుషులను తీసేయడం మొదలుపెట్టాక వారిలో కొందరు నాకు ఉత్తరాలు రాశారు.

కాబట్టి మీరడిగిన రెండింటిలో ఏది మేలంటే, రెండూ కాదు. బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, గుర్తింపు ఉన్న కళాశాలలో రెగ్యులర్‌గా చేసే బీఎడ్ ఒక్కటే నేను చెప్పగలిగిన దారి. ఎడ్‌సెట్, టెట్ (టీచరు అర్హత పరీక్ష) సిలబస్‌ల వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. ఒక ఏడాది బీఎడ్ వస్తోంది కదా, ఆగుదామా అని కూడా కొందరు అడుగుతున్నారు. 2025 ఫిబ్రవరిలో వచ్చినవి ముసాయిదా నిబంధనలు. ముసాయిదాను నమ్ముకుని ఏళ్లు పోగొట్టుకోవద్దు.

ప్రభుత్వ ఉద్యోగం విషయంలో మాత్రం లెక్క తెలిసి అడుగు వేయాలి. తెలంగాణలో 2024 డీఎస్సీని 11,062 పోస్టులని అందరూ చెప్పుకున్నారు. వాటిలో 6,508 ఎస్‌జీటీ పోస్టులు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లవి. 2023 ఆగస్టు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఎడ్ అర్హత పోయింది, అవి డీఎడ్ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ డిప్లొమా) వారివి. పై తరగతులకు సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటు పోస్టులు 2,629. అవి అన్ని సబ్జెక్టులకూ, అన్ని జిల్లాలకూ కలిపి. మీ జిల్లాలో గణితానికి మిగిలేవి ఎన్నో మీరే ఊహించవచ్చు. అందులోనూ 95 శాతం స్థానికులకే కాబట్టి, చిన్న తరగతులు ఏ జిల్లాలో చదివిందో ఆ బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే వెతికిపెట్టుకోవాలి. అంతకుముందు నియామకానికి 8,792 పోస్టులతో నోటిఫికేషన్ 2017లో వచ్చింది, అంటే మధ్యలో ఏడేళ్లు గడిచాయి. 2023లో 5,089 పోస్టులకు ఒక నోటిఫికేషన్ ఇచ్చి, 2024లో దాన్ని రద్దు చేశారు. ‘డీఎస్సీ వచ్చేస్తోంది’ అన్న వార్త చూసి ఉద్యోగం మానేయకూడదని చెప్పడానికే ఇదంతా రాశాను. టెట్ మాత్రం ఎలాగూ రాయాల్సిందే. 2021 నుంచి దాని చెల్లుబాటు జీవితకాలం, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ కూడా ఉంది.

ఇంకో చిక్కు మీ అమ్మాయిది ఇంజినీరింగ్ పట్టా కావడం. బీఎడ్‌లో ఇంజినీరింగ్ వారికి ప్రవేశం ఉంది. కానీ బీఎడ్ ఉన్నంత మాత్రాన ప్రతి పోస్టుకూ అర్హత వచ్చినట్టు కాదు. స్కూల్ అసిస్టెంటుకు బీఎడ్‌లో తీసుకున్న మెథడాలజీ, అంటే బోధించడం నేర్చుకున్న సబ్జెక్టు చూస్తారు. కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (ఆరు నుంచి పది తరగతుల టీచరు) పోస్టుకు డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలన్న షరతుతో పాటు సాధారణంగా 35 ఏళ్ల వయోపరిమితి ఉంటుంది. అక్కడ ఆమెకు దగ్గరి దారి కంప్యూటర్ సైన్స్ పీజీటీ (పదకొండు, పన్నెండు తరగతుల టీచరు), దానికి పరిమితి 40. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ కావాలంటే పీజీ ఉండాలి, బీటెక్ చాలదు. అందువల్ల ఆమె ఏ పోస్టును మనసులో పెట్టుకుందో, దాని గత నోటిఫికేషన్ తీసి అర్హతల పేజీని పదం పదం చదివిన తర్వాతే మెథడాలజీ ఎంచుకోవాలి. సీటు వచ్చాక తీరిగ్గా చూద్దామనుకున్నవారు నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఇంత రాశాక మీరు ఇంకా భయపడి ఉంటారు, అది నా ఉద్దేశం కాదు. వయసు గురించి మీకున్న బెంగ అనవసరం. 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46. తెలంగాణలో పదవీ విరమణ 61 ఏళ్లకు. ఆమె 37వ ఏట స్కూల్ అసిస్టెంటు అయినా ఇరవై నాలుగేళ్ల సర్వీసు ఉంటుంది. ఇప్పుడున్న స్కేలులో మూలవేతనం 42,300 రూపాయలతో మొదలవుతుంది, దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం. పదహారు లక్షలతో పోలిస్తే అది తక్కువే. ఆ సంగతి మీకంటే ఆమెకు బాగా తెలుసు. ప్రైవేటు బడిలో మొదటి రెండు మూడేళ్లు ఇంకా తక్కువ వస్తుంది, దానికి మాత్రం సిద్ధపడాలి. టెస్టింగ్‌లో పదేళ్లు పనిచేసిన మనిషికి ఎక్కడ తప్పు జరిగిందో ఓపికగా వెతకడం అలవాటై ఉంటుంది. గణితం టీచరుకు అంతకంటే పనికొచ్చే అలవాటు ఇంకేముంది? పిల్లవాడి జవాబు తప్పని చెప్పడం ఎవరైనా చేస్తారు, ఏ అడుగులో తప్పిందో పట్టుకునేవారు తక్కువ.

లోను సంగతి మీరూ ఆమే కూర్చుని కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క. బీఎడ్‌కు రెండేళ్లు, ఉద్యోగం కుదరడానికి ఒక ఏడాది, మొత్తం మూడేళ్ల వాయిదాలూ ఇంటి ఖర్చులూ చేతిలో ఉన్నాయా? లేకపోతే ఒకటి రెండేళ్లు ఇదే ఉద్యోగంలో ఉండి కూడబెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఆ లోగా ఆ శనివారాలు బడిలో గడపవచ్చు. బంధువుల నవ్వు గురించి మీరడిగారు గానీ, దానికి నా దగ్గర సలహా లేదు. వారు మీ వాయిదాలు కట్టరు.

ఈ జవాబు ఆమెకు చూపించండి. తన పదో తరగతి నుంచి బీటెక్ వరకు మార్కుల వివరాలు, ఏ తరగతులకు చెప్పాలనుకుంటోంది, మొదటి శనివారం తరగతిలో ఏం జరిగింది, ఈ మూడూ రాసి ఈసారి ఉత్తరం ఆమెనే పంపమనండి. మెథడాలజీ విషయం ఆమెతోనే మాట్లాడతాను.