36 ఏళ్లకు ఎంబీబీఎస్: ఒడిశాలోని రాయగడ అక్కకు సమాధానం

అక్కా, 36 ఏళ్లు వచ్చాయి, ఇంటర్‌లో ఎంపీసీ, ఇప్పుడు నీట్ రాయనిస్తారా అని అడిగారు కదా. వయసు గురించి టెన్షన్ వద్దు, గరిష్ఠ పరిమితిని 2022లోనే ఎత్తేశారు. ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినా చెల్లుతుందని 2023లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ప్రాక్టికల్స్‌తో సహా పూర్తి చేయండి.

అసలు మెలిక వేరే ఉంది. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. కాబట్టి తెలుగు కావాలంటే బరంపురం కాదు, విజయనగరమో శ్రీకాకుళమో పెట్టుకోవాలి. ఆ పత్రంలో ఇంగ్లీషు కూడా ఉంటుంది లెండి.

కోరాపుట్, బరంపురం ప్రభుత్వ కాలేజీల్లో 85 శాతం సీట్లు రాష్ట్ర కోటావి, అంటే ఒడిశా వాళ్లకే. మీరు పార్వతీపురంలో చదివి, పెళ్లయ్యాక రాయగడ వెళ్లినవారు. మీ పేరున ఒడిశా నివాస ధ్రువపత్రం వస్తుందో లేదో తహసీల్ ఆఫీసులో కనుక్కున్నాకే కోచింగ్ ఫీజు కట్టండి.