ఐరన్ పక్కన ఎర్ర గీత

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు జూమ్ చేసి చూశాను. ఐరన్ 32, తక్కువ అని పక్కన ఎర్ర గీత ఉంటే రాత్రంతా నిద్రపోలేదన్నావు. ముందు ఆ టెన్షన్ తీసేయ్. నీకున్న ఈ రుమటాయిడ్ కీళ్లవాతమే నాకూ వచ్చి 14 ఏళ్లు, ఎన్ని గీతలు చూశానో.

మొదట్లో నేనూ కంగారుపడి, డాక్టరును అడక్కుండా మెడికల్ షాపులో ఐరన్ మాత్రలు తెచ్చి నాలుగు నెలలు మింగాను. మలబద్ధకం వచ్చింది గానీ హిమోగ్లోబిన్ 9 దగ్గరే కూర్చుంది. తర్వాత ఫెరిటిన్, అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ లెక్క, చేయిస్తే 310, ఉండాల్సిన దానికంటే ఎక్కువే! కీళ్లలో వాపున్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుందట. అది ఉన్న ఐరన్‌ను లోపలే ఆపేస్తుంది, పేగుల నుంచి కొత్తది రానివ్వదు. మీ మిర్యాలగూడ మిల్లు గోదాములో బస్తాలు నిండుగా ఉండి తాళంచెవి దొరకనట్టు. వాపు తగ్గాలి, అప్పుడే తాళం వీడేది.

అట్లని ఐరన్ అసలే వద్దని కాదు. నొప్పి మాత్రలు ఎక్కువైతే కడుపులో పుండు పడి రక్తం పోతుంది, అప్పుడు నిజంగానే లోటు వస్తుంది. చిక్కేమిటంటే వాపు ఫెరిటిన్‌ను పెంచి చూపిస్తుంది కాబట్టి, అది నార్మల్‌గా ఉన్నా లోటు దాగి ఉండొచ్చు. అందుకే ఐరన్, ఫెరిటిన్, వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ ఒకే రోజు చేయించి డాక్టరు ముందు పక్కపక్కన పెట్టు. పొద్దున పరగడుపున ఇవ్వు. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించకు, పొటాషియం లేనిపోనిది పెరిగి కనిపిస్తుంది.

జింక్ తగ్గడం, కాపర్ పెరగడం కూడా చాలావరకు ఈ వాపు పనే. వాటి కోసం ఖరీదైన ప్యాకేజీలు వద్దు. క్యాల్షియం 8.2 అని భయపడ్డావు కదా, నీ అల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్) 3 ఉంది. అల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తక్కువైతే క్యాల్షియానికి 0.8 కలిపి చూస్తారు, అంటే నీది 9. విటమిన్ డి మాత్రం చేయించు, స్టెరాయిడ్ వాడుతున్నావు.

యూరిక్ యాసిడ్ ఎక్కువుందని పక్కింటావిడ పప్పు మానేయమందట! అది గౌట్ అనే వేరే కీళ్లజబ్బు లెక్క, నీ జబ్బుది కాదు. పప్పు తిను.

ఇంకొకటి. చిన్నప్పుడు మర్రిగూడలో అమ్మమ్మ దగ్గర బోరు నీళ్లు తాగావు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌తోనూ కీళ్లు పట్టేస్తాయి, కానీ ఎక్కువగా నడుము, మెడ బిగుసుకుంటాయి. నీకు పొద్దున లేవగానే వేళ్ల కణుపులు ముడుచుకోక జొన్న రొట్టె కొట్టలేకపోవడం వేరు. అయినా ఆ నీళ్ల సంగతి డాక్టరుకు తప్పక చెప్పు. మనవైపు వాళ్లకు రెండూ ఉండొచ్చు.

నా దృష్టిలో ఈ గీతలన్నిటికంటే ముఖ్యమైంది ఈ కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మాత్ర. అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. క్యాలెండర్‌లో ఆ ఒక్క రోజు చుట్టూ సున్నా చుట్టు. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర డాక్టరు చెప్పిన రోజునే వేసుకో. లివర్ పరీక్ష, రక్త కణాల లెక్క, కిడ్నీల కోసం క్రియాటినిన్ చెప్పిన తేదీకే చేయించు. జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యి.

వచ్చే బుధవారం నల్గొండ వస్తున్నావుగా, పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పేర్చుకుని తీసుకురా. నా ఫైలు కూడా బయటికి తీసి పెడతాను. ముగ్గులు వేయడం మానేసిన ఏడాదివి కూడా అందులో ఉన్నాయి.

మీ పెద్దమ్మ