సబ్‌వూఫర్ బాల్కనీ వైపు జరిగిపోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, మా హాల్లో 5.1 హోమ్ థియేటర్ ఉంది, కింద విట్రిఫైడ్ టైల్స్. సినిమాలో ఫైట్ మొదలైతే చాలు, సబ్‌వూఫర్ (బేస్, అంటే దిమ్మదిమ్మమనే లోతైన శబ్దం ఇచ్చే పెట్టె) తనంతట తానే జరుగుతుంది. సినిమా అయ్యేసరికి బెత్తెడు దూరం పోతోంది, అదీ ఎప్పుడూ బాల్కనీ వైపే. మొన్న అలా జరిగి జరిగి వైరు లాక్కుని పిన్ను ఊడొచ్చింది. లోపల ఏమైనా పాడైందా? డబుల్ సైడ్ టేపుతో నేలకి అంటించెయ్యమని తెలిసినవాళ్లు అంటున్నారు. — ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: జరగడం తప్ప సౌండులో తేడా ఏమీ లేకపోతే టెన్షన్ పడకండి, పెట్టె బాగానే ఉంది. టేపు మాత్రం వద్దండి. దుమ్ముకీ అదురుకీ కొన్నాళ్లకి అదే ఊడుతుంది, టైల్ మీద జిగురు మిగులుతుంది, ఊడకపోతే మీరు లాగినప్పుడు పెట్టె కాళ్లే ఊడి రావచ్చు.

ముందు ఎందుకు జరుగుతోందో చూద్దాం. లోపలి కోన్ (స్పీకరులో ఊగే గరాటులాంటి భాగం) ఒకవైపు కదిలిన ప్రతిసారీ అంతే బలంతో పెట్టెని రెండోవైపు నెడుతుంది. 30 హెర్ట్జ్ బేస్ అంటే సెకనుకి 30 సార్లు ఇలా జరుగుతున్నట్టు. కాళ్లకి పట్టు ఉంటే ఆ తోపుడు అక్కడే ఆగిపోతుంది, కానీ నున్నటి టైల్, దాని మీద సన్నటి దుమ్ము, పైగా చాలా సెట్లకి వచ్చేవి గట్టి ప్లాస్టిక్ కాళ్లు, ఇక పట్టు ఎక్కడిది? నాలుగు కాళ్లలో ఒకటి నేలకి ఆనకపోతే ఇంకా కష్టం, పెట్టె ఊగుతూ ఒక్కో కాలూ లేచి వెంట్రుకవాసి పక్కన పడుతుంటుంది.

మరి బాల్కనీ వైపే ఎందుకంటే, నా అనుమానం వాటం మీద. మన ఇళ్లలో కడిగిన నీళ్లు పోవాలని మేస్త్రీలు గచ్చుకి గుమ్మం వైపో బాల్కనీ వైపో కాస్త వాటం ఇస్తారు. కంటికి తెలియదు గానీ గోలీ పెడితే దొర్లిపోతుంది, రసమట్టం ఉంటే ఇంకా నయం. మీది స్పీకరు కిందివైపుకి ఉన్న మోడల్ అయితే, అది పైకీ కిందకీ నెట్టేటప్పుడు కాళ్ల మీద బరువు క్షణక్షణం తగ్గుతుంది, ఆ సందులో పల్లం వైపు జారుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. పెట్టెని పక్కకి ఒరిగించి కాళ్లనీ, కింద టైల్‌నీ తడిగుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. ఇంత చిన్న పనికే ఆగిపోయినవి నేను చూశాను. తర్వాత ఎదురెదురు మూలల మీద చేతులు వేసి నొక్కండి, ఊగితే ఒక్కో కాలి కింద కాగితం ముక్క పెట్టి లాగండి. తేలిగ్గా జారి వచ్చిన కాలే నేలకి ఆననిది, దాని కింద పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టండి. అప్పటికీ జరుగుతుంటే షెల్ఫుల్లో, తివాచీల కింద పరిచే జాలీలాంటి రబ్బరు షీటు కొని, పెట్టె కొలతకి కత్తిరించి వెయ్యండి. వాషింగ్ మెషిన్ కింద పెట్టే రబ్బరు ప్యాడ్లూ బాగా పనిచేస్తాయి, మా ఇంట్లో ఉన్నవి అవే. పాలరాయి గచ్చు ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, నల్ల రబ్బరు ఎక్కువ రోజులు ఒకేచోట ఉంటే మచ్చ పడుతుంది, అప్పుడప్పుడూ ఎత్తి చూడాలి.

వంటగట్టు వేసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క ఇంట్లో ఉంటే అది ఇంకా మంచి మందు. 40 సెంటీమీటర్ల చదరం, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క 7-8 కిలోలు తూగుతుంది. నేల మీద రబ్బరు షీటు, దాని మీద గ్రానైట్, దాని మీద ఇంకో షీటు వేసి సబ్‌వూఫర్. పల్లంగా ఉన్న వైపు కింద షీటు ఇంకో మడత వేస్తే మట్టం కూడా సరిపోతుంది. స్పీకరు కిందివైపుకి ఉంటే కాళ్లు తీసెయ్యకండి, ఆ ఖాళీ దానికి అవసరం.

ఇవన్నీ చేసినా జరుగుతోందంటే మీరు బేస్ మరీ ఎక్కువ పెట్టుకున్నట్టే. పెట్టె వెనక గెయిన్ (దాని సౌండు పెంచే తగ్గించే మీట) సగానికి తెచ్చి, స్పీకర్లన్నీ కలిపే రిసీవర్‌లో క్రాసోవర్ (ఏ హద్దు కంటే లోతైన శబ్దాలు సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, బేస్ బూస్ట్ ఆపేసి వినండి. గది మూలలో పెడితే బేస్ దానంతటదే పెరుగుతుంది, అక్కడైతే ఇంకాస్త తగ్గించుకోవాలి. గట్టి సీన్లలో లోపల నుంచి టప్ టప్ మని కొట్టుకున్న శబ్దం వస్తే వెంటనే తగ్గించండి, అలాగే వాడితే కోన్‌ని కదిలించే తీగచుట్ట (కాయిల్) పాడవుతుంది. వైరు కూడా బిగువుగా ఉంచకండి, జానెడు వదులుండాలి.

ప్రశ్న: సబ్‌వూఫర్‌తో పాటు ఇనుప మొనలు ఇచ్చారు. మా గ్రానైట్ గచ్చు మీద అవి బిగిస్తే కదలకుండా ఉంటుందా? — ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉండదండి. అవి మందపాటి తివాచీలో గుచ్చుకుని, కింద గట్టి నేలని పట్టుకోవడానికి ఇచ్చినవి. గ్రానైట్ మీద జారతాయి, టైల్ అయితే గీతలు పడతాయి. వాటిని డబ్బాలోనే ఉంచి రబ్బరు కాళ్లే వాడండి.