ఒక్క పెద్ద స్టోర్ పోతే మాల్ మొత్తం ఎందుకు ఖాళీ అవుతుంది?

ప్రశ్న: మాల్‌లో ఒక పెద్ద స్టోర్ మూతపడితే, దాంతో ఏ సంబంధమూ లేని చిన్న షాపులు కూడా వరసగా ఎందుకు ఖాళీ చేస్తాయి? ఇదంతా ఆన్‌లైన్ వ్యాపారం వల్లేనా?

జవాబు: సంబంధం లేకపోవడమేంటండీ, చిన్న షాపుల బతుకంతా దానిమీదే. రీజినల్ మాల్ అంటే సాధారణంగా 4 నుంచి 8 లక్షల చదరపు అడుగులు, కనీసం రెండు పెద్ద స్టోర్లు. వీటిని యాంకర్లు అంటారు. చెరో చివర యాంకర్‌ని పెట్టేది జనం ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలనే. మధ్యలో ఉన్న చెప్పుల షాపుకీ కళ్లద్దాల షాపుకీ గిరాకీ ఆ నడకలోంచే వస్తుంది. అందుకే యాంకర్‌కి చాలా తక్కువ అద్దెకిస్తారు, కొన్నిచోట్ల స్థలమే అమ్మేస్తారు. మాల్‌కి అసలు రాబడి చిన్న షాపుల అద్దెలే.

యాంకర్ పోయాక రెండో దెబ్బ లీజు కాగితాల్లోంచి తగులుతుంది. పేరున్న చైన్ బ్రాండ్లు కో-టెనెన్సీ షరతు రాయించుకుంటాయి. ఫలానా యాంకర్ మూతపడినా, నిండిన షాపులు ఇంత శాతం కన్నా తగ్గినా, మామూలు అద్దె బదులు అమ్మకాల్లో కొంత శాతమే కడతామని, కొన్ని నెలల్లో కొత్త యాంకర్ రాకపోతే ఖాళీ చేసి వెళ్లే హక్కు ఉంటుందని దాని సారాంశం. ఒక బ్రాండ్ వెళ్లగానే నిండుదల ఇంకాస్త తగ్గి, ఇంకో బ్రాండ్ షరతు అమల్లోకి వస్తుంది. అమెరికాలో 2018లో బాన్-టన్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల చైన్ మొత్తం మూతపడింది. అదే ఏడాది అక్టోబరులో అలాంటిదే మరో పెద్ద చైన్ సియర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఈ రెండూ యాంకర్లుగా ఉన్న మాల్స్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా దొరకలేదు.

ఆన్‌లైన్‌ది పెద్ద పాత్రే, కాదనను. కానీ నింద మొత్తం దానిమీద వేయడం తప్పు. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో 1966లో తెరిచిన విల్లా ఇటాలియా మాల్ 2001లోనే మూతపడింది. అప్పటికి ఆన్‌లైన్ వాటా చాలా చిన్నది. కొనే జనాభా పెరిగిన దానికన్నా వేగంగా మాల్స్ కట్టడమూ, కొత్త మాల్ వచ్చినప్పుడల్లా పాతదానికి గిరాకీ చీలిపోవడమూ అంతకుముందే మొదలయ్యాయి.

ప్రశ్న: సగం ఖాళీగా ఉన్న మాల్‌లో తక్కువ అద్దెకి షాపు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: అద్దె కన్నా ముందు మెయింటెనెన్స్ లెక్క ఏ పద్ధతిలో వేస్తారో అడగండి. నష్టపోయేది ఎక్కువగా అక్కడే. ఉదాహరణకి మాల్ 5 లక్షల చదరపు అడుగులు, మీ షాపు 1,000 అనుకుందాం. మొత్తం స్థలంతో భాగిస్తే ఖర్చులో మీ వాటా 0.2 శాతం. అదే లీజులో "అద్దెకిచ్చిన స్థలం" అని రాసి ఉండి, 2 లక్షల అడుగులు ఖాళీ అయితే, మీ వాటా 0.33 శాతానికి చేరుతుంది. అంటే ఖాళీ షాపుల ఖర్చు మీరు మోస్తున్నారన్నమాట. ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రాలు, ఎస్కలేటర్లు, సెక్యూరిటీ ఖర్చు షాపులు సగమైనంత మాత్రాన సగం కాదు. కాబట్టి భాగహారం మొత్తం స్థలంతోనే అని, ఏడాదికి పెంపు ఇంత శాతానికి మించదని రాయించుకోండి.

అద్దె, మెయింటెనెన్స్ కలిపి మీరు అంచనా వేసుకున్న అమ్మకాల్లో 10–15 శాతం దాటితే చాలా వ్యాపారాలకి గిట్టదు. మార్జిన్ తక్కువుండే సరుకైతే ఇంకా కిందే ఆగాలి. యాంకర్ లీజు ఎప్పుడు ముగుస్తుందో రాతపూర్వకంగా అడగండి. అది మీ లాకిన్ గడువు (మధ్యలో ఖాళీ చేయడానికి వీల్లేని కాలం) కన్నా ముందే ముగిసేలా ఉంటే, యాంకర్ వెళ్లిన రోజు నుంచి మీ లాకిన్ రద్దయ్యే షరతు పెట్టించండి. దానికి ఒప్పుకోకపోతే అద్దె ఎంత తగ్గించినా తీసుకోవద్దనే నా సలహా.

సంతకానికి ముందు పనిదినం మధ్యాహ్నం ఒకసారి, శనివారం సాయంత్రం ఒకసారి వెళ్లి నడవా అంతా తిరగండి. సీలింగ్ పలకల మీద గోధుమరంగు వలయాలు, మొక్కల కుండీల పక్కన బకెట్లు కనిపిస్తే పైకప్పు కారుతోందన్నమాట. సమతలంగా కట్టిన పెద్ద కప్పు మీద డ్రైనేజీ మూతులు ఆకులతో పూడుకుపోతే నీరు నిలిచి, అతుకుల్లోంచి దిగుతుంది. వాటిని శుభ్రం చేయించడానికి కూడా యజమాని వెనకాడుతున్నాడంటే, మాల్ మీద ఆశ వదులుకున్నాడనే అర్థం.

ప్రశ్న: మూతపడిన మాల్‌ని కూల్చడం తప్ప దారి లేదా?

జవాబు: ఉంది. అమెరికాలోని ఆస్టిన్‌లో 1971లో మొదలై 2015లో మూతపడిన హైలాండ్ మాల్ ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ. నాష్‌విల్‌లోని వన్ హండ్రెడ్ ఓక్స్‌లో 2009 నుంచి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఆసుపత్రి క్లినిక్‌లు నడుస్తున్నాయి. విశాలమైన పార్కింగ్, మెట్లెక్కే పని లేకుండా లోపలికి వెళ్లే దారి రోగులకి బాగా కలిసొస్తాయి. విల్లా ఇటాలియాని మాత్రం కూల్చి, అక్కడ వీధులు, ఇళ్లు, షాపులతో బెల్మార్ అనే పేట కట్టారు.

చిక్కు ఎక్కువగా యాజమాన్యంలోనే వస్తుంది. యాంకర్లు తమ భవనాలు తామే కొనుక్కున్న చోట, పార్కింగ్‌నీ దారుల్నీ మార్చకూడదని పాత ఒప్పందాలుంటాయి. ఒక్క సంతకం దొరక్క ఏళ్ల తరబడి ఆగిపోయిన పనులున్నాయి. భవనం సంగతికొస్తే, యాంకర్ స్టోర్లు బాగా లోతుగా, కిటికీల్లేకుండా ఉంటాయి. ఇళ్లుగా మార్చాలంటే నడిమధ్య కప్పు కోసి వెలుతురు తేవాలి. క్లినిక్‌లు, గోదాములు, శిక్షణ కేంద్రాలకి అంత అవసరం పడదు. ఏం చేయాలో తేలేదాకా కప్పు డ్రైనేజీ, తేమ తగ్గేంత గాలి ప్రసరణ, మంటలార్పే స్ప్రింక్లర్లు ఈ మూడూ ఆపకూడదు. అన్నీ ఆపేసిన భవనంలో తేమకి బూజు పట్టి, బాగుచేసే ఖర్చు కూల్చే ఖర్చుని మించిపోవచ్చు.