గేటు మీది టులెట్, పాస్‌పోర్టులోని లెట్

చి. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన పాత ప్రసంగాల అనువాదం మొదటి పది పేజీలూ చదివాను. తెలుగు హాయిగా ఉంది. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. ఆ ప్రసంగాలు చేసినాయన 1611 నాటి ఇంగ్లీషు అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిల్ నుంచి, థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలోని మాట ఒకటి ఎత్తుకుంటాడు చూడు: "హి హూ నౌ లెట్టెత్ విల్ లెట్." దాన్ని నువ్వు "ఇప్పుడు అనుమతిస్తున్నవాడు ఇకముందూ అనుమతిస్తాడు" అని రాశావు. అసలు అర్థం దీనికి సరిగ్గా తలకిందులు. ఇప్పుడు అడ్డుకుంటున్నవాడు ఇకముందూ అడ్డుకుంటాడు అని చెప్పాలక్కడ.

కంగారు పడకు తల్లీ. ఇదే 'లెట్' అనే మాట దగ్గర నేనూ తప్పు చేశాను, అదీ నిండు క్లాసులో. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ మొదటి అంకం, నాలుగో దృశ్యం చెబుతున్నాను. తండ్రి దెయ్యం రమ్మని సైగ చేస్తోంది. స్నేహితులు వెళ్ళొద్దని హామ్లెట్‌ని పట్టుకున్నారు. అతను విదిలించుకుంటూ "ఐల్ మేక్ ఎ ఘోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మి" అంటాడు. నేను ధీమాగా "నన్ను వదిలినవాణ్ణి దెయ్యాన్ని చేస్తాను" అని అర్థం చెప్పేశాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "వదలమనే కదా సార్ అడుగుతున్నాడు? మరి వదిలినవాణ్ణి చంపడమెందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రం లైబ్రరీలో ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు దించి చూస్తే, 'లెట్' అనే క్రియ రెండు చోట్ల ఉంది. ఒకదాని పక్కన చిన్న 1, రెండోదాని పక్కన చిన్న 2. అంటే అవి ఒక మాటకున్న రెండు అర్థాలు కావు, అసలు రెండు వేరు వేరు మాటలు! పాత ఇంగ్లీషులో ఒకటి 'లేటన్'. వదలడం, పోనివ్వడం అని దాని అర్థం. జర్మన్ వాళ్ళ 'లాసెన్' దీని చుట్టమే. రెండోది 'లెట్టన్'. ఆపడం, జాగు చెయ్యడం అని. మనం రోజూ అనే 'లేటు'కి ఇది దగ్గర చుట్టం. మనిషిని లేటు చేస్తే అతని పనికి అడ్డుపడ్డట్టే కదా. ఇంకా చాలా వెనక్కి వెళితే ఈ రెండూ ఒకే వేరుకు పుట్టినవని భాషా చరిత్రకారులు చెబుతారు. ఆ వేరుకి సడలడం అనే అర్థం ఉంది. పట్టు సడలితే వదిలెయ్యడం, నడక సడలితే ఆలస్యం. కొన్ని వందల ఏళ్ళు నోళ్ళలో నాని చివరలు అరిగిపోయాక రెండూ 'లెట్' అనే ఒక్క రూపంలోకి వచ్చి కలిశాయి.

మనకూ ఇలాంటివి లేకపోలేదు. అమ్మ పాలు కాస్తుంది, నాన్న పొలం కాస్తాడు, చెట్టు కాస్తుంది, ఎండ కాస్తుంది. ఎవరూ తికమక పడరు. పక్కన పాలున్నాయో పొలముందో చూస్తే తెలిసిపోతుంది. 'లెట్'కి ఆ సదుపాయం లేదు. "నన్ను లెట్ చేసినవాడు" అంటే వదిలినవాడూ కావచ్చు, ఆపినవాడూ కావచ్చు. ఒకే చోట, ఒకే మనిషి మీద, రెండు ఎదురెదురు అర్థాలు. అందుకే ఒకటి బతికి ఇంకోటి పోయిందని నా ఉద్దేశం. కింగ్ జేమ్స్ బైబిల్ నాటికి మాత్రం రెండూ ప్రాణంతోనే ఉన్నాయి. ఆదికాండంలో "లెట్ దేర్ బి లైట్" అంటే వెలుగు కలుగునుగాక అని. అదే పుస్తకంలో యెషయా 43వ అధ్యాయానికి వస్తే "హూ షల్ లెట్ ఇట్" అని ఉంటుంది, దాన్ని ఆపేదెవరు అని. 1881లో కొత్త నిబంధనను సవరించినప్పుడు నువ్వు పొరబడిన ఆ 'లెట్' తీసేసి, నిరోధించడం అనే అర్థం వచ్చే మాట వేశారు. అప్పటి చదువరులకే అది అర్థం కాకుండా పోయిందన్నమాట.

చచ్చిపోయిన మాట పూర్తిగా పోదు, ఏదో మూల అతుక్కుని ఉంటుంది. నీ పాస్‌పోర్టు తీసి చూడు. రాష్ట్రపతి పేరిట రాసిన వాక్యంలో "వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్" అని కనబడుతుంది. ఈ పాస్‌పోర్టు గల వ్యక్తిని ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా పోనివ్వండి అని. అనుమతి లేకుండా అని చదివితే దేశం దాటేదెలా? టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్‌కి తగిలి సరైన గడిలోనే పడితే 'లెట్' అని మళ్ళీ వేయిస్తారు, ఆటకు అడ్డొచ్చిందని. అది 'నెట్' అన్న మాటే అలా మారిందని చాలామంది నమ్ముతారు, కానీ కాదు. ఇక హైదరాబాదులో గల్లీ గల్లీకీ వేలాడే టులెట్ బోర్డు మొదటి లెట్‌ది. ఇల్లు అద్దెకిస్తాం, రండి అని.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. తెలియని మాట మనల్ని మోసం చెయ్యదమ్మా, నిఘంటువు దగ్గరికి పంపిస్తుంది. మోసం చేసేది తెలిసిన మాటే. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి పేజీలో లెట్, ప్రివెంట్, స్టార్వ్ లాంటి చిన్న మాట కనబడిందంటే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. వాక్యం మామూలు బుద్ధికి పొసగకపోతే ఆ పాతవాడు తిక్కగా రాశాడని సరిపెట్టుకోకు. ఆ అమ్మాయి వేసిన ప్రశ్నే నువ్వూ వేసుకో.

నిఘంటువులో అర్థం చూసి మూసెయ్యకు. కింద ఏళ్ళ వారీగా ఉదాహరణలు ఉంటాయి, అవి చదువు. జేమ్స్ మర్రీ అనే బడిపంతులు సంపాదకుడిగా, వేలకొద్దీ మామూలు చదువరులు చీటీల మీద రాసి పంపిన వాక్యాలతో కట్టిన నిఘంటువు అది. మొదటి భాగం 1884లో వచ్చింది, పూర్తయ్యేసరికి 1928. మర్రీ 1915లోనే పోయాడు, చివరి సంపుటం చూడనేలేదు. ఆ కష్టమంతా నీలాంటి వాళ్ళ కోసమే. వాడుక తప్పిన అర్థం పక్కన చిన్న కత్తి గుర్తు ఉంటుంది. నీ ప్రసంగం ఏ ఏటిదో చూసుకుని, ఆ ఏటికి దగ్గరున్న ఉదాహరణ పట్టుకో. బైబిల్ వచనమైతే మన తెలుగు బైబిల్ కూడా పక్కన పెట్టుకో. హీబ్రూ, గ్రీకు మూలాలను బట్టి వచ్చిన అర్థం అక్కడ దొరుకుతుంది.

ఇంకో జాగ్రత్త. మాట ఎలా పుట్టిందో తెలిశాక, పుట్టినప్పటి అర్థమే అసలైనది, ఇప్పటి వాళ్ళంతా తప్పు అనే ధోరణి కొందరికి వస్తుంది. నీకు రాకూడదు. 'స్టార్వ్' అంటే ఒకప్పుడు ఎలాగైనా సరే చావడమే. ఇప్పుడు ఆకలితో అలమటించడం. చీర అంటే ఒకప్పుడు ఎవరు కట్టుకున్నా బట్టే, రాముడు నారచీరలు కట్టుకునే అడవికి వెళ్ళాడు. కంపు అంటే పాత కావ్యాల్లో పరిమళం. అలాగని నేడు పెళ్ళింట్లో మల్లెలు కంపు కొడుతున్నాయి అనగలమా? ఏ కాలం వాక్యానికి ఆ కాలం అర్థం, అంతే.

పద్నాలుగో పేజీలో 119వ కీర్తన నుంచి "ఐ ప్రివెంటెడ్ ది డానింగ్ ఆఫ్ ది మార్నింగ్" అని వస్తుంది. తెల్లవారడాన్ని ఎవరూ ఆపలేరు. 'ప్రివెంట్' అన్న మాటకు లాటిన్‌లో ముందుగా రావడం అని అర్థం. దాన్ని పట్టుకుని ఆ వాక్యం నువ్వే తెలుగు చేసి, లెట్ వాక్యంతో కలిపి ఆదివారంలోగా పంపు. చూసి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న